కాసు కోరని ద్వీపము

“ఆసేతుశీతాచలము” అను సమాసమును పలుకని తెలుగు ఉపాధ్యాయుడుండడు. పాఠము చెప్పునపుడును, సభలో వందన సమర్పణ చేయునపుడును, వ్యాసమునకు ముగింపు వ్రాయునపుడును ఆ మాట నాలుక చివరనే యుండును. అందులోని శీతాచలమును చూచి వచ్చుట ఎల్లరకును సాధ్యము కాదు. దానికి ఉన్ని బట్టలు కావలెను, ఊపిరి బలము కావలెను, చేతినిండ సొమ్ము కావలెను. రెండవ కొనయైన సేతువు సంగతి వేరు. చెన్నపట్టణమున రాత్రి బండి యెక్కినవాడు మరునాటి యుదయమునకు సముద్రమును దాటి ఆ ద్వీపమున కాలు మోపును.

ద్వీపమున సెలవులు గడపుట యనగానే నేటివారి మనస్సున మెదలునది పత్రికలలోని రంగుల ప్రకటన. విమానము, తీరమున పెద్ద హోటలు, కొబ్బరిచెట్ల నడుమ ఊయెల, దాని వెనుక నెలల తరబడి తీర్చవలసిన అప్పు! తాడిచెట్లు, సరుగుడు తోపులు, పగడపు దిబ్బలు, తెల్లని ఇసుక, రెండు రంగుల సముద్రము గల ఉష్ణమండల ద్వీపమొకటి మన పొరుగుననే యున్నది. దాని పేరు రామేశ్వరము. మనవారు దానిని క్షేత్రముగా ఎరుగుదురు. ద్వీపముగా ఎరిగినవారు తక్కువ.

బడులు తెరచిన మొదటి దినమున ఉపాధ్యాయుల గదిలో ఇట్టి సంభాషణ వినబడుట కద్దు.

“ఏమండీ, సెలవులలో రామేశ్వరము పోయి వచ్చితిరట!”

“వచ్చితిమండీ. తెల్లవారుజామున దిగితిమి. 22 తీర్థములలో తడిసితిమి. దర్శనమైనది. మధ్యాహ్నము బండికి తిరిగి బయలుదేరితిమి.”

అంతలో గుమ్మము వద్ద నిలిచిన పిల్లవాడొకడు, “మాస్టరుగారూ, అక్కడ ఒకవైపు సముద్రము నిదురపోవుచు రెండవవైపు సముద్రము గర్జించుచుండునట, నిజమేనాండీ?” అని అడుగును. మాస్టరుగారు హాజరుపట్టీ తెరచుకొందురు. ఆయన క్షేత్రమును చూచిరి గాని ద్వీపమును చూడలేదు. చూచుటకు డబ్బు చాలకపోలేదు. చూడవలెనను తలపే కలుగలేదు.

సముద్రముపై రెండు కిలోమీటర్లు

ఈ ద్వీపమున మొదటి వినోదము టిక్కెట్టు ధరలోనే చేరియున్నది. అది పాంబన్ జలసంధిని రైలు దాటు ముచ్చట. 1914 ఫిబ్రవరిలో తెరచిన పాత వంతెన రెండు కిలోమీటర్లకు పైబడిన పొడవు గలది. నడుమ ఓడలకు దారి యిచ్చుటకు రెండు రెక్కలుగా విచ్చుకొను కమాను ఉండెను. దానిని రూపొందించిన అమెరికా ఇంజనీరు షెర్జర్ పేరుననే దానిని పిలుచువారు. ఆ రెక్కలను మీటలు త్రిప్పి లేవనెత్తినది కూలివారి భుజబలమే. ఉప్పుగాలికి తుప్పుపట్టి ముదిమి మీదపడిన ఆ వంతెనపై 2022 డిసెంబరులో బండ్లు నిలిచిపోయినవి. దాని ప్రక్కనే నిర్మించిన క్రొత్త వంతెనను 2025 ఏప్రిల్ 6వ తేదీన ప్రారంభించిరి. ఇందు 72.5 మీటర్ల పొడవు గల నడిమి భాగము బావిలోని బొక్కెనవలె నిటారుగా పైకి లేచును.

బండి దిగిన తరువాత ఒక సాయంకాలము మరల పాంబనుకు పోయి, 1988లో తెరచిన రోడ్డు వంతెనపై నిలిచి చూడవలెను. ఆ యెత్తు నుండి చూచినపుడు క్రింద రైలు వంతెన ఇరుకైన కాలిబాటవలె కనబడును. దానిపై బండి నెమ్మదిగా ప్రాకుచుండును. ఒకవైపు పాక్ అఖాతము, మరియొకవైపు మన్నారు సింధుశాఖ. భూగోళము చెప్పు ఉపాధ్యాయుడు నల్లబల్లపై గంటసేపు గీసినను తెలియని జలసంధి యను మాట ఇక్కడ గడియలో తెలిసిపోవును. బస్సు ఛార్జీ తప్ప దీనికి వేరు ఖర్చు లేదు.

స్తంభముల నడుమ

రామనాథస్వామి యాలయమున ప్రవేశమునకు రుసుము లేదు. తీర్థస్నానమునకును, తెల్లవారుజామున జరుగు స్ఫటికలింగ దర్శనమునకును స్వల్పమైన టిక్కెట్టు కలదు. భక్తులు ఈ రెండింటిని తప్పక చేసికొందురు. విడిచిపెట్టునది మూడవ ప్రాకారమును నిదానముగ చుట్టివచ్చుట.

రామనాథపురము నేలిన సేతుపతుల వంశమువారు పదునెనిమిదవ శతాబ్దమున పూర్తిచేసిన ఈ ప్రాకారమున 1212 స్తంభములున్నవని లెక్క. మండపముల మొత్తము పొడవు 3850 అడుగులని చెప్పుదురు. ద్వీపమున ఇంతటి కట్టడమునకు తగిన కొండరాయి లేదు. రాతినంతయు సముద్రమునకు ఆవలి నుండి తేవలసి వచ్చెను. మధ్యాహ్నపు వేళ యాత్రికుల రద్దీ తగ్గిన తరువాత ఒక మూల నిలిచి చూచినచో, రెండు వరుసల స్తంభములు దూరమున ఒక బిందువు వద్ద కలిసినట్లు తోచును. సమాంతర రేఖలు కలియవని లెక్కల మాస్టరుగారు చెప్పుదురు, కంటికి కలియునని డ్రాయింగు మాస్టరుగారు చెప్పుదురు. ఇద్దరి మాటయు నిజమేనని ఇక్కడ విద్యార్థి గ్రహించును. కాగితము, పెన్సిలు ఉన్న చాలును.

1897 జనవరి 26వ తేదీన స్వామి వివేకానంద పాశ్చాత్య దేశముల నుండి తిరిగివచ్చుచు పాంబనువద్దనే స్వదేశపు నేలపై అడుగుపెట్టెను. మరునాడు ఈ యాలయమున నిజమైన పూజను గూర్చి ఉపన్యసించెను. దరిద్రునియందు, దుర్బలునియందు, రోగియందు శివుని చూడగలవాడే శివుని పూజించువాడని ఆ ప్రసంగ సారము. ఆయన దిగిన కుందుకాల్ తీరమున స్మారక మందిరము కలదు. ఎదుట సముద్రమున చిన్న లంకలు కనబడుచుండును.

తీపినీటి రహస్యము

ఆలయములోని బావులలో నీరు త్రాగి చూచినవారికి కలుగు ఆశ్చర్యమొకటి గలదు. నలుదిక్కుల ఉప్పుసముద్రము. నడుమ బావులలో తియ్యని నీరు. తంగచ్చిమడము దాపున గల విల్లూండి తీర్థము ఇంతకంటెను చిత్రము. అక్కడ బావి సముద్రములోనే యున్నది. చిన్న వంతెనపై నడచిపోయి చేదుకొనవలెను. సీతాదేవి దాహము తీర్చుటకు రాముడు వింటికోపును నేల నాటెనని స్థలపురాణము.

పురాణమును గౌరవించుచునే శాస్త్రమును కూడ పిల్లలకు చెప్పవచ్చును. ఇసుకదిబ్బలపై కురిసిన వాన లోనికి ఇంకును. మంచినీరు సముద్రపు నీటికంటె తేలిక గనుక, ఇసుక లోపల ఉప్పునీటిపై అది తేలి నిలుచును. సముద్రమట్టమునకు పైన ఒక అడుగు మంచినీరు నిలిచినచో, దానికి క్రింద ఇంచుమించు 40 అడుగుల వరకు మంచినీరే యుండుననుట శాస్త్రజ్ఞుల లెక్క. ధనుష్కోటి జాలరి స్త్రీలు ఈ లెక్క నెరుగకయే, అలల చేరువలో ఇసుకను చేతులతో త్రవ్వి చెలమనీరు ముంచుకొందురు. ఆశపడి ఎక్కువ తోడినచో అడుగుననున్న ఉప్పునీరు పైకి వచ్చును. ఒకమారు ఉప్పెక్కిన బావి మరల తియ్యనగుటకు ఎన్నో వానలు కురియవలెను. కృష్ణా గోదావరీ తీరముల కొన్ని గ్రామములవారికిని ఈ పాఠము అనుభవమున తెలిసినదే.

ఆలయమునకు ఉత్తరముగ రెండు మూడు కిలోమీటర్ల దూరమున గంధమాదన పర్వతము కలదు. పేరు పర్వతమే గాని అది ఇసుకమిట్ట. ద్వీపమున అంతకంటె ఎత్తైన చోటు లేదు. రాముని పాదముద్రలున్న మండపముపై నిలిచినచో ద్వీపమంతయు అరచేతిలో పెట్టినట్లు కనబడును. సూర్యాస్తమయమునకు ముందు నడచి చేరుట మేలు.

ఒక పంతులుగారు, ఒక సముద్రపుటొడ్డు

ఈ ద్వీపమున ఉచితముగ దొరకు వస్తువులలో మిక్కిలి విలువైనదానిని చెప్పవలెనన్నచో, ఒక పాఠమును చెప్పవలెను.

1931 అక్టోబరు 15వ తేదీన ఇక్కడ పడవల యజమాని జైనులాబ్దీన్ గారి ఇంట పుట్టిన అబ్దుల్ కలాం, ఐదవ తరగతి చదువుచుండగా శివసుబ్రహ్మణ్య అయ్యరను ఉపాధ్యాయుడు పక్షి ఎట్లు ఎగురునో బల్లపై బొమ్మ గీసి చెప్పెను. అర్థమైనదా యని అడుగగా, కాలేదని కలాం చెప్పెను. తక్కిన పిల్లలలో పెక్కుమందియు అట్లే చెప్పిరి. అయ్యరుగారు కోపపడలేదు. సాయంకాలము తరగతి నంతటిని సముద్రపుటొడ్డునకు తీసికొనిపోయి ఎగురుచున్న పక్షులను చూపించెను. రెక్క ఎప్పుడు ఆడించును, తోకను ఎటు త్రిప్పును, ఆ బలము ఎక్కడిది యని ఒక్కొక్కటియే వివరించెను. ఆ సాయంకాలమే తన జీవితమునకు దారి చూపినదని కలాం తన ప్రసంగములలో పలుమారు తలచుకొనెను. ఆ పాఠమునకు అయిన ఖర్చు ఏమి? ఒక బడిపంతులు ఇంటికి పోవలసిన వేళను పిల్లలకిచ్చుట, అంతియే.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున రామేశ్వరమున బండి నిలుచుట రద్దయినపుడు, పత్రికల కట్టలను నడుచు బండినుండి క్రిందికి విసరివేయుచుండిరి. వాటిని ఏరి అందించి, తన పినతండ్రి వరుసవాని బిడ్డకు తోడ్పడి తొలి కూలి సంపాదించితినని ఆయన తన ఆత్మకథలో వ్రాసికొనెను. పత్రికను చేత పట్టుకొన్న పాఠకుడు ఈ మాటను ఒకమారు తలచుకొనదగును. మసీదు వీధిలోని ఆయన పూర్వుల ఇంట నేడు ప్రదర్శనశాల యున్నది. 2015 జూలై 27వ తేదీన దివంగతుడైన ఆయనను పేయ్‌కరుంబులో ఖననము చేసిరి. అచ్చట నిర్మించిన జాతీయ స్మారకమును సరిగ రెండేండ్లకు, 2017 జూలై 27న తెరచిరి. పిల్లలు అక్కడ క్షిపణుల నమూనాల చుట్టు మూగుదురు. వారిని తీసికొనివచ్చిన ఉపాధ్యాయుడు మాత్రము అయ్యరుగారిని తలచుకొన్న తలచుకొనవచ్చును.

ధనుష్కోటి

ద్వీపము ఆగ్నేయముగ సన్నబడి, ఇసుక నాలుకయై సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన చోటు ధనుష్కోటి. పట్టణమునుండి బస్సున్నది. అరిచల్‌మునై యను తుదికొన వరకు 2017లో రోడ్డును తెరచిరి. అంతకుముందు ఇసుకలో ప్రత్యేకమైన బండ్లపై పోవలసి వచ్చెడిది. ఆ కొన నుండి సింహళమునందలి తలైమన్నారు 30 కిలోమీటర్ల లోపే. నడుమనున్న ఇసుకదిబ్బల వరుసయే మనము సేతువని పిలుచుకొనునది.

అక్కడ నిలిచినవానికి ఎడమవైపు నీరు సాధారణముగ చెరువువలె నెమ్మదిగ నుండును. కుడివైపు సముద్రము పెద్ద అలలతో ఘోషించును. జాలరులు మొదటిదానిని ఆడకడలి యనియు, రెండవదానిని మగకడలి యనియు పిలుతురు. ఋతుపవనము మారిన కొలది వాటి స్వభావము కూడ మారుచుండును. పిల్లవాడడిగిన ప్రశ్నకు జవాబు అదియే.

ఇంత అందమైన చోట ఒక ఊరు చచ్చిపోయినది. 1914 నుండి చెన్నపట్టణపు ఎగ్మూరులో ఎక్కిన ప్రయాణికుడు ఇంతవరకు రైలులో వచ్చి, స్టీమరుపై తలైమన్నారు దాటి, అక్కడ మరల రైలెక్కి కొలంబో చేరువాడు. దానికే బోట్‌మెయిల్ అని పేరు. ఆ రాకపోకల వలన ధనుష్కోటిలో స్టేషను, తపాలా కచేరి, సుంకపు కచేరి, బడి, ఆస్పత్రి, చర్చి, అంగళ్ళు వెలసెను. 1964 డిసెంబరు 22వ తేదీ రాత్రి వచ్చిన తుపానులో సముద్రము ఊరిమీదికి లేచివచ్చెను. పాంబను నుండి ఆ రాత్రి బయలుదేరిన 653 నంబరు ప్యాసింజరు బండి ధనుష్కోటి స్టేషను చేరువకు వచ్చియు చేరలేదు. నూరుమందికి పైబడిన ప్రయాణికులతో అది సముద్రము పాలయ్యెను. ఒక్కరును మిగులలేదు. తెల్లవారునప్పటికి ఊరు లేదు. ప్రభుత్వము దానిని నివాసయోగ్యము కాని స్థలముగ ప్రకటించెను. దెబ్బతిన్న పాంబన్ వంతెనను ఇ. శ్రీధరన్ అను యువ ఇంజనీరు నాయకత్వమున 46 దినములలో పునరుద్ధరించిరి. ధనుష్కోటి రైలుమార్గమును మాత్రము మరల వేయలేదు.

పగడపురాళ్ళతో కట్టిన చర్చి గోడలు, స్టేషను మొండిగోడలు నేటికిని నిలిచియున్నవి. పట్టణమునుండి ఇక్కడికి వచ్చు దారిలో, విభీషణుడు శరణుజొచ్చిన చోటని చెప్పు కోదండరామస్వామి యాలయమొకటి ఆ తుపానునకు తట్టుకొని మిగిలినది. 1977 నవంబరు 19వ తేదీ దివిసీమ ఉప్పెనను కన్నవారును, విన్నవారును ఆ గోడలయెదుట పెద్దగా మాటలాడలేరు. ఇక్కడికి వచ్చి నవ్వులతో ఫోటోలు తీసికొని పోవువారే నేడు ఎక్కువ. పిల్లలను వారించి కసరుట కంటె, ఈ గోడల లోపల ఒకప్పుడు ప్రార్థన జరిగెననియు, ఆ ఇసుకకు అడుగున ఒక బడి యుండెననియు చెప్పిన చాలును. వారంతట వారే నిశ్శబ్దులగుదురు.

ఇక్కడ సముద్రస్నానము ప్రమాదకరము. ప్రవాహములు బలమైనవి. స్నానమునకు ఆలయము ఎదుటి అగ్నితీర్థమే తగినది. అచ్చటి సముద్రము మిక్కిలి నెమ్మది. ధనుష్కోటి నుండి సాయంకాలము చీకటి పడకముందే తిరుగుముఖము పట్టవలెను.

పక్షులు, పడవలు

చలికాలమున వచ్చినవారికి మరియొక లాభము కలదు. ధనుష్కోటి దారిలోని బురదమడుగులలో గులాబివన్నె రాజహంసలు దిగును. పులికాటు సరస్సున వానిని చూచిన నెల్లూరివారికి అవి పాతచుట్టములే. 2025లో తమిళనాడు ప్రభుత్వము ఆ ప్రాంతమును రాజహంసల రక్షితస్థలముగ ప్రకటించెను. దూరము నుండి చూచుటకు కాసు ఖర్చు లేదు. దగ్గరకు పోయి బెదరించినచో పక్షికి ఖర్చు. అది వేల మైళ్ళ ప్రయాణమునకు కూడబెట్టుకొన్న బలమును వృథా చేసికొనవలసి వచ్చును.

వేసవిలో వచ్చినవారికి వేరొక దృశ్యము. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని తూర్పుతీరమున మరపడవల వేటను నిషేధింతురు. విశాఖపట్టణమున, కాకినాడలో నున్నట్లే ఇక్కడను పడవలన్నియు తీరమున వరుసదీరి యుండును. జాలరులు వలలు అల్లుకొనుచు, పడవలకు రంగులు పూయుచు కనబడుదురు. వారితో రెండు మాటలాడినచో, వలను లాగు చేతికి సముద్రముపై గీసిన సరిహద్దు కనబడదనియు, ఆ గీతను దాటి సింహళ నౌకాదళమునకు చిక్కినవారి ఇండ్లలో ఏమి జరుగుచుండుననియు తెలియవచ్చును. ఏ పాఠ్యపుస్తకమును ఇంత సూటిగ చెప్పజాలదు.

ఖర్చుల లెక్క

ఈ యాత్రలో పెద్ద ఖర్చు రైలు టిక్కెట్టే. ఆలయ పరిసరములలో సత్రములు, మఠములు పెక్కు గలవు. ముందుగ వ్రాసికొనినచో తక్కువ అద్దెకు గది దొరకును. ఉదయము ఇడ్డెనలు, పొంగలి. ఆలయమున అన్నదానము కూడ కలదు. ఊరిలో నడచిన చాలును. పాంబనుకు, ధనుష్కోటికి బస్సులు గలవు. విల్లూండికి నలుగురు కలిసి ఆటో మాట్లాడుకొన్నచో భారముండదు. మొదటి దినము ఆలయము, గంధమాదనము, మసీదు వీధి. రెండవ దినము ధనుష్కోటి. మూడవ దినము పేయ్‌కరుంబు, విల్లూండి, పాంబను వంతెన. ఒక్కపూటలో చూచి వచ్చు దానికంటె రెండు రాత్రుల అద్దెయే అదనపు ఖర్చు.

కొనకూడని వస్తువొకటి గలదు. మన్నారు సింధుశాఖలో 21 దీవులను చేర్చి 1986లో సముద్ర జాతీయోద్యానముగ ప్రకటించిరి. అచ్చటి పగడములు ప్రాణులు కట్టిన గూళ్ళు. అవి చట్టము చేత రక్షింపబడినవి. తీరమున ఎవడైన పగడపుకొమ్మను చవుకగ చూపినచో కొనరాదు. అలల బలమును విరిచి తీరమును కాపాడునవి ఆ దిబ్బలే. ధనుష్కోటిని చూచివచ్చిన చేతులతో వాటిని బేరమాడుట తగదు.

రామేశ్వరపు ఇసుకను ప్రయాగకు గొనిపోయి గంగలో కలుపుటయు, గంగనీటిని తెచ్చి రామనాథునకు అభిషేకించుటయు మన పెద్దల ఆచారము. సేతువు కట్టునపుడు తడిసిన మేన అంటిన ఇసుకను దులిపిపోయిన ఉడుత కథను తెలుగు పిల్లలందరు ఎరుగుదురు. ఆ కథ జరిగిన తీరమున, ఒక సాయంకాలము, పదిమంది పిల్లలను కూర్చుండబెట్టి, ఎగురుచున్న పక్షిని చూపించు ఉపాధ్యాయుడు ఈ సెలవులలో ఒక్కడైన ఉన్నచో అయ్యరుగారి పాఠము కొనసాగినట్లే.